తొమ్మిది రోజుల వాయిదా

కొడుకు దగ్గితే పక్కగదిలో ఆమె గుండె జారిపోయేది. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తేనే చేతికి దక్కడేమోనని ఏడ్చిన మనిషి. ఇప్పుడు నలభై దాటి, సొంతంగా వెల్డింగు షాపు నడుపుకుంటున్నవాడికి ఊపిరితిత్తిలో క్యాన్సరు గడ్డ అన్నారు. ఆమెకు ముద్ద దిగడం మానేసింది.

డాక్టరమ్మ నిదానస్తురాలు. కాగితం మీద నాలుగు గీతలు గీసి, ఒక్కోదాన్నీ కలంతో తట్టి చెప్పింది. మొదటి రెండు దశలైతే చాలావరకు కోసి తీసేస్తారు, గట్టెక్కే ఆశ బాగా ఉంటుంది. మూడోదైతే మందులూ, రేడియేషన్ కరెంటూ కలిపి పెట్టాల్సిరావచ్చు. నాలుగోదంటే జబ్బు ఎముకలకో కాలేయానికో పాకినట్టు; అప్పుడు అదుపులో పెట్టుకుంటూ రావడమే. ఏ గీత అన్నది ఒళ్లంతా తీసే స్కానింగు తేలుస్తుంది. దానికి ముందు ఆరు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు.

ఆ చివరి మాట తల్లికి మింగుడుపడలేదు. స్కానింగు రోజు పొద్దున కోడలు స్నానానికి వెళ్లగానే, చక్కెర దండిగా వేసిన పాలు గ్లాసుడు తెచ్చి కొడుకు ముందు నిలబడింది. వద్దన్నాడు. కళ్లు తిరిగి అక్కడే పడిపోతే నా గతేంటని కొంగు కళ్లకద్దుకుంది. వాడు గబగబా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

ఆస్పత్రిలో నర్సు వేలు పొడిచి చూసింది. చక్కెర బాగా ఎక్కువుంది. ఇలాగే తీస్తే బొమ్మలో గడ్డ సరిగ్గా వెలగదట, స్కానింగును నమ్మడానికి ఉండదట. మళ్లీ ఖాళీ తొమ్మిది రోజులకు గానీ లేదంది.

“ఆకలికి ఆగలేక నేనే పాలు తాగేశా” అన్నాడు కొడుకు.

చంటిపిల్లాడివా, ఒక్కపూట కడుపు మాడ్చుకోలేవా అని కోడలు దారి పొడుగునా అతన్ని దులిపేసింది. వెనకసీట్లో అత్తగారు నోరు విప్పలేదు. ఆ తొమ్మిది రోజులూ వాడు దగ్గినప్పుడల్లా, జబ్బు ఒక గీత దాటి ఇంకో గీత మీద కాలు పెట్టినట్టే ఆమెకు అనిపించేది.

తొమ్మిది రోజులయ్యాక స్కానింగు తీస్తే, తుంటి ఎముకలో, కాలేయంలో మచ్చలు కనిపించాయి. నాలుగో గీత. ఆపరేషను మాట లేదు. గడ్డలోంచి తీసి పరీక్షకు పంపిన ముక్కను బట్టి సరిపడే మాత్ర దొరికితే కొన్నేళ్లు లాగొచ్చనీ, దొరక్కపోతే కష్టమేననీ, ఇన్ని నెలలని మాత్రం ఎవరికీ చెప్పలేననీ అంది డాక్టరమ్మ.

“పాలు తాగించింది నేనేనమ్మా” అంది తల్లి. “ఆ తొమ్మిది రోజుల్లోనే పాకేసింది.”

కోడలు తలతిప్పి చూసింది.

“వారం పది రోజుల్లో ఇంతదూరం రాదమ్మా. ఎప్పుడో చేరింది. ఆ రోజు తీసినా ఇదే కనపడేది” అంది డాక్టరమ్మ.

ఆ మాట తల్లి చెవిదాకా వచ్చి ఆగిపోయింది. జాలిపడి అంటోంది, అంతే అనుకుంది.

వరండాలోకి వచ్చాక గోడ పట్టుకుని నిలబడింది. “ఇకమీదట నేను నీతో ఆస్పత్రికి రాను నాన్నా. నా చెయ్యి మంచిది కాదు.”

“నువ్వు రాకపోతే నన్ను తిట్టడానికి నీ కోడలొక్కతే మిగులుతుంది. ఆ పని ఒక్కరివల్ల అయ్యేది కాదు” అన్నాడు వాడు, మధ్యలో దగ్గుకుంటూ.

కోడలు నవ్వలేదు. అత్తగారి మొహం చూడకుండానే డాక్టరమ్మ ఇచ్చిన కాగితం ఆమె చేతిలో పెట్టింది. “ఏం పెట్టొచ్చో, ఏం పెట్టకూడదో అన్నీ రాశారు. ఈసారి రాసినట్టే చెయ్యండి అత్తయ్యా.”

ఆమె బల్ల మీద కూలబడి, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవసాగింది.