ఉతకని పట్టీ

నాది లాండ్రీ. మరక కనిపిస్తే చేతులు ఊరుకోవు. అన్నయ్య కెమెరా పట్టీని చూసినప్పుడల్లా ఉతికెయ్యాలనిపించేది. మెడకు తగిలే చోట చెమట ఎండి, తెల్లగా చారలు కట్టి, అట్టలా బిగుసుకుపోయింది. నిన్న సాయంత్రం వదిన చూడకుండా దాన్ని సబ్బునీళ్లలో వేయబోయాను. ఎక్కణ్ణుంచి చూసిందో, వచ్చి లాక్కుంది.

"ఈ ఇంట్లో నువ్వు ఉతకనిది ఒక్కటీ మిగలకూడదా?" అంది. పట్టీని మళ్లీ కెమెరాకు తగిలించేసింది.

అన్నయ్య పోయాక ఇదే మొదటి వేసవి. బతికున్నన్నాళ్లూ ఏటా ఈ రోజుల్లో ఈ అడవికి వచ్చేవాడు. చెట్ల కొసల్లోనే తిరిగే ఊదారంగు సీతాకోకచిలుక ఒకటుందని, అది కిందికి దిగితే ఫొటో తీయాలని ఆయన పిచ్చి. ఒక్కసారీ దిగలేదు. తోడు రమ్మంటే వదిన నవ్వేసేది. "అది లేనే లేదండీ, మీరు ఊరికే తిరుగుతున్నారు" అనేది.

ఈసారి తనే బయల్దేరింది, ఆయన స్నేహితులిద్దరినీ, నన్నూ వెంటేసుకుని. దారిలోనే తేల్చి చెప్పింది.

"ఒక్కసారి నా కళ్లతో చూడాలి. ఇవాళ కనపడకపోతే ఇక ఈ దిక్కుకు రాను. అప్పుడు ఆయన కెమెరా మీరే ఉంచుకోండి డాక్టరుగారూ."

స్నేహితుల్లో ఒకాయన ఈ పళ్ల డాక్టరు. మోకాళ్ల మీద పాకుతూ, ప్రతి పువ్వునూ నోరు తెరవమన్నంత మర్యాదగా చూస్తాడు. రెండో ఆయన లిఫ్టు మెకానిక్కు. మనిషి మరీ పొడుగు కాబట్టి అందరూ నిచ్చెన అనే పిలుస్తారు. ఎరగా కుళ్లిన అరటిపళ్లు తెచ్చి బాట పొడుగునా పెట్టాడు. ఈగలకు విందు జరిగింది.

మధ్యాహ్నమైంది. నా కాళ్లు పీకేస్తున్నాయి. "ఇక పోదాం వదినా" అన్నాను. ఆమె కూలిన మాను మీద కూర్చుని, కెమెరా మెడలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

పైనుంచి ఏదో రాలింది. ఆకనుకున్నాను. అది వచ్చి పట్టీ మీద వాలి రెక్కలు విప్పింది. చూడ్డానికి మామూలు గోధుమరంగే. కాస్త పక్కకు తిరిగేసరికి రెక్కల నిండా ఊదారంగు వెలిగింది. మళ్లీ తిరిగితే ఆరిపోయింది. నిజం చెప్పాలంటే, నేనూ ఏనాడూ నమ్మలేదు.

నిచ్చెన తన కెమెరా ఎత్తి, దించేశాడు. అంత దగ్గరున్నది అతని పెద్ద లెన్సులో మసకగానే పడుతుంది. వెనక్కి అడుగేస్తే ఎండుటాకులు చప్పుడు చేస్తాయి. ఎవరమూ కదల్లేదు.

అది సన్నటి నాలుక చాచి ఆ తెల్లచారల మీద ఆనించింది.

"ఉప్పు," అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి. "తన నోటి తడితోనే కరిగించుకుని తాగుతోంది."

"ఏం ఉప్పు?"

"మీ అన్నయ్య చెమటయ్యా."

నిన్నటి సబ్బునీళ్లు గుర్తొచ్చి, చేతులు మెల్లగా వెనక్కి దాచుకున్నాను.

వదిన ఊపిరి బిగబట్టి చూస్తోంది. కళ్ల నీళ్లు చెంపల మీదికి జారుతున్నా తుడుచుకోలేదు.

"ఉందండీ," అంది మెల్లగా. మా ముగ్గురిలో ఎవరితోనూ కాదు.

అది కడుపునిండా తాగి కొసల్లోకి ఎగిరిపోయింది. ఒక్క ఫొటో కూడా రాలేదు. కెమెరా ఇచ్చేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పట్టీ మీద చిన్న తడి మచ్చ మిగిలింది. ఎండకు ఆరిపోతుందని వదిన దానికి అరచెయ్యి అడ్డం పెట్టింది. నేను టోపీ తీసి, ఆ చేతికి పైన పట్టుకుని నిలబడ్డాను.