క్లోరిన్ బండి గేటు దాటిన రోజు

మేష్టారు ఇంతవరకు ఎందరి పక్కనో కూర్చుని ప్రయాణం చేశారు గానీ, వియ్యపురాలు లారీ తోలుతుంటే పక్క సీట్లో కూర్చుని దేశం పొలిమేర దాటవలసి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. పైగా వెనక ఉన్నవి సిమెంటు బస్తాలు కావు. క్లోరిన్ నింపిన సిలిండర్లు. ఒక్కొక్కటీ గున్న ఏనుగంత ఉంటుంది. వాటిని అడ్డంగా పడుకోబెట్టి, దొర్లకుండా చెక్క దిమ్మలు అడ్డుపెట్టి, గొలుసులతో బిగించారు. లారీకి ముందూ వెనకా నారింజరంగు పలకలు, పక్కల పుర్రె బొమ్మలు. ఆ పుర్రెను చూసి దారిలో బండ్లన్నీ పెళ్ళికొడుక్కి దారిచ్చినట్టు తప్పుకుంటున్నాయి.

"అన్నయ్యగారూ, ఆ సీటు బెల్టు ఉరితాడేం కాదు. అంతలా పట్టుకోకండి," అంది వియ్యపురాలు.

"నేను బాగానే ఉన్నాను చెల్లెమ్మగారూ. మీరు రోడ్డు చూడండి."

"రోడ్డు చూస్తూనే ఉన్నాను. మధ్యలో అద్దంలో మీ మొహం కనిపిస్తోంది. దానికే భయమేస్తోంది."

మేష్టారు నవ్వేశారు. ఆయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక ఇంట్లో గోడలతో మాట్లాడుకోవడం అలవాటైపోతుందేమోనన్న భయంతో ఈ రవాణా కంపెనీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరారు. ప్రమాదకరమైన సరుకు బయల్దేరినప్పుడల్లా పక్కన కూర్చుని వెళ్ళడం ఆయన పని. ఈవిడ ఆ కంపెనీలోనే పెద్ద లారీలు తోలుతుంది. ఈవిడ కొడుకే ఆయనకి అల్లుడయ్యాడు. తండ్రి దగ్గర స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్న మనిషి ఆవిడ. భర్త మాత్రం స్కూటరెక్కినా కళ్ళు మూసుకుంటాడు. "మా ఇంట్లో ధైర్యమంతా నేనే వాడేసుకున్నాను, ఆయనకి మిగల్లేదు," అని ఆవిడే చెబుతుంది.

పొలిమేర అవతల ఊళ్ళో వాళ్ళ పిల్లలిద్దరూ కాపురముంటున్నారు. అల్లుడు అక్కడి మంచినీళ్ళ ప్లాంటులో ఇంజనీరు. ఆ ఊరికి క్లోరిన్ ఎప్పుడూ ఓడరేవు వైపు నుంచి వెళ్ళేది. మొన్నటి వరదకి ఆ దారిలో వంతెన కొట్టుకుపోయింది. వరద నీళ్ళు నదిలో కలిసి, ఊళ్ళో పిల్లలకి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ప్లాంటులో మిగిలిన క్లోరిన్ ఈ సాయంత్రంతో సరి. అది అయిపోతే, శుద్ధి చేయని నీళ్ళు వదలడం కంటే మేలని ఊరంతా కుళాయిలు కట్టేస్తారు. అల్లుడు ఫోన్‌లో ఆ మాట చెబుతుంటే వెనక పాప ఏడుపు వినిపించింది. రెండేళ్ళు కూడా నిండని మనవరాలు. ఆ క్షణం నుంచీ వియ్యంకులిద్దరికీ నోట్లో ముద్ద దిగలేదు.

ఇటువైపు గేటులోంచి ఇలాంటి సరుకును ఎప్పుడూ వెళ్ళనివ్వలేదు. రెండు దేశాల ఆఫీసర్లూ మాట్లాడుకుని, ఒక్కసారికి సరేనన్నారు. ఏ చిన్న తేడా వచ్చినా లారీ వెనక్కి, గేటు మళ్ళీ మూత.

అందుకే మేష్టారి మొహం అలా ఉంది.

అయినా దారంతా ఆయనకి చిన్న చిన్న దయలు కనిపిస్తూనే ఉన్నాయి. కిందటి వారమే పూడ్చిన గుంతలు. మబ్బు పట్టి, సిలిండర్ల మీద ఎండ పడకుండా కాపు కాసిన ఆకాశం. పెట్రోలు బంకు దగ్గర, ఈ లారీని దూరంగా ఆపుకోవడానికి చోటు అడగబోతుంటే, అడక్కుండానే తన బండి పక్కకి తీసి చోటిచ్చిన పాలవ్యాను మనిషి. భార్య ఉండగా ఇలాంటివి ఆవిడే చూపించేది. ఇప్పుడు ఆయనే చూసుకోవాలి.

సరిహద్దు గేటు చేరేసరికి మధ్యాహ్నమైంది. తనిఖీ షెడ్డు ముందు లారీ ఆగింది. వెనక కూరగాయల లారీలు, టైర్ల లారీలు బారులు తీరి ఉన్నాయి. వియ్యపురాలు ఇంజనాపింది. పక్క అద్దానికి కట్టిన గుడ్డపేలిక గాలికి వెనక్కి రెపరెపలాడుతోంది. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి ఇలాంటి సరుకు తోలేవాళ్ళందరూ కట్టుకుంటారు.

అవతలి దేశం ఇన్స్‌పెక్టరు నిటారుగా నడుచుకుంటూ వచ్చాడు. కాగితాలు చూశాడు. ఊపిరి పీల్చే మాస్కులు చూశాడు, అగ్నిమాపకాలు చూశాడు, గొలుసులు లాగి చూశాడు. అన్నీ బాగున్నాయన్నట్టు తలాడించి, లారీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చాడు.

"ఏమిటీ వాసన?"

మేష్టారు కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చి చూశారు. ఆయనకీ తెలిసింది. సందేహం లేదు, క్లోరిన్ వాసన. పల్చగా ఉంది గానీ ఉంది.

ఇన్స్‌పెక్టరు ఈల ఊదాడు. "లీకు! అందరూ వెళ్ళిపోండి!"

అంతే, లారీల్లోంచి మనుషులు దూకి వెనక్కి పరుగు తీశారు. మేష్టారు తలుపులోంచి సగం బయటికి వచ్చి, కాలేజీ చివరి బెంచీ దాకా వినిపించిన గొంతుతో అరిచారు. "వెనక్కి కాదు! గాలి పోయే దారిలో పరిగెత్తొద్దు! పక్కకి, ఆ గట్టు మీదికి ఎక్కండి!"

వియ్యపురాలు అప్పటికే కిందికి దూకి, చేతులు బార్లా చాపి గొర్రెలను మళ్ళించినట్టు జనాన్ని మళ్ళిస్తోంది. "ఓ టైర్లాయనా, చెప్పుల కోసం ఆగావేం? కాళ్ళుంటే చెప్పులు కొనుక్కోవచ్చు, ఎక్కు!"

జనం గట్టెక్కారు. ఇన్స్‌పెక్టరు మాత్రం కదల్లేదు. "మీ లారీ వెనక్కి వెళ్ళిపోవాలి. ఇంక ఈ గేటులోంచి ఇలాంటి బండి రానే రాదు."

"వెళ్ళమంటే వెళ్తాం సార్," అన్నారు మేష్టారు. "కానీ నిజంగా కారుతుంటే, కారే బండిని రోడ్డెక్కించడం పాపం. ముందు చూడనివ్వండి. కారుతుంటే నేనే చెబుతాను."

ఆయన మాస్కు తగిలించుకున్నారు, ఇన్స్‌పెక్టరుకీ ఒకటిచ్చారు. పెట్టెలోంచి అమ్మోనియా సీసా తీసి, పుల్లకి చుట్టిన గుడ్డను అందులో ముంచారు. ఇది వాళ్ళ వృత్తిలో తొలి పాఠం. క్లోరిన్ కారే చోట ఆ గుడ్డను పెడితే, తెల్లటి పొగ లేస్తుంది. కంటికి కనిపించని లీకు కూడా అబద్ధం చెప్పలేదు.

ఒక్కో సిలిండరు వాల్వు మీది మూత విప్పి, దాని చుట్టూ గుడ్డ తిప్పారు. పొగ లేదు. తర్వాతది. లేదు. ఏ ఒక్కదాని దగ్గర తెల్లటి పొగ తీగ లేచినా, తన నోటితోనే చెప్పాలి. చెప్తారు కూడా. అక్కడ తన మనవరాలు ఉందని ఇక్కడి జనాన్ని పణంగా పెట్టే మనిషి కాదు. కానీ చెప్పాక ఆ ఊళ్ళో కుళాయిలు ఆగుతాయి. ఆఖరి సిలిండరు దగ్గర ఆయన కళ్ళు మూసుకోబోయి, చూడటమే తన పనని గుర్తొచ్చి, బలవంతంగా తెరిచి ఉంచారు.

పొగ లేదు.

"కారట్లేదు సార్. ఒక్కటి కూడా."

ఇన్స్‌పెక్టరు మాస్కు తీసి మళ్ళీ వాసన చూశాడు. "మీ సీసా ఏమంటుందో నాకు తెలియదు. నా ముక్కు మాత్రం నా దగ్గరే ఉంది. వాసన వస్తోంది."

అదీ నిజమే. మేష్టారు నుదురు రుద్దుకుంటూ లారీ ముందుకి వచ్చారు. గుడ్డపేలిక ఇంకా వెనక్కే ఎగురుతోంది. ఆయన దానికేసి చూశారు, ఇన్స్‌పెక్టరుకేసి చూశారు.

"సార్, వాసన మొదట తెలిసింది ఎవరికి?"

"నాకే."

"మీరు బండి ముందు నిలబడి ఉన్నారు. గాలి మీ మీంచి బండి మీదికి వెళ్తోంది. మా బండే కారితే వెనకున్న కూరగాయలాయనకి తెలియాలి. ముందున్న మీకెలా తెలుస్తుంది?"

ఇన్స్‌పెక్టరు నోరు తెరిచాడు గానీ, ఒప్పుకోవడానికి మనసు రాలేదు. "గాలి సుడి తిరిగి ఉండొచ్చు."

వియ్యపురాలికి ఓపిక నశించింది. "ఎందుకొచ్చిన వాదన? చూడండి సార్, అదుగో, పక్కన ఖాళీ స్థలం. అక్కడ పురుగు కూడా లేదు. బండిని అక్కడికి తీసుకెళ్తాను. మా అన్నయ్యగారు నాతో వస్తారు, మీరు ఇక్కడే ఉండండి. వాసన బండితో వస్తే బండిది. ఇక్కడే ఉండిపోతే మీది."

"మాది ఏమిటి?"

"అదే తేలుద్దాం."

ఇన్స్‌పెక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. ప్రతి వాల్వునీ తన కళ్ళతోనే చూశాడు. అవతలి ఊళ్ళో తన చెల్లెలి పిల్లలూ ఉన్నారో ఏమో, లేదా ఊరికే మంచివాడో, మొత్తానికి తలూపాడు. అదొక దయ అనుకున్నారు మేష్టారు.

లారీ మెల్లగా కదిలి, గాలికి అడ్డంగా ఖాళీ స్థలంలోకి వెళ్ళి ఆగింది. మేష్టారు దిగి, బండి చుట్టూ మోకాళ్ళు వంచి, నేలకి దగ్గరగా ముక్కు పెట్టి తిరిగారు. ఈ గ్యాసు బరువైనది, కిందికే దిగుతుంది. మట్టి వాసన. డీజిలు వాసన. అంతే.

"ఇక్కడేం లేదు!" అని కేకేశారు. "అక్కడో?"

ఇన్స్‌పెక్టరు షెడ్డు ముందు నుంచి కదిలాడు. ముక్కు ముందుకు చాచి ఒక్కొక్క అడుగే గాలికి ఎదురు వెళ్తున్నాడు. షెడ్డు దాటాడు. గేటు దాకా వెళ్ళాడు. గేటు పక్కన మరుగుదొడ్ల తలుపు ముందు నిలబడిపోయాడు.

లోపల్నుంచి చీపురూ బకెట్టూ పట్టుకుని ఒకావిడ వచ్చింది. "ఏంటయ్యా అంతా గట్టెక్కారు? లోపల పనిలో పడి నేను చూసుకోలేదు."

"లోపల ఏం చల్లావమ్మా?"

"బ్లీచింగు పౌడరు. ఎప్పుడూ గుప్పెడే చల్లుతాను. ఇవాళ ఏదో కొత్త బండి వస్తోంది, పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తారు, దొడ్లు తళతళలాడాలి, బస్తా మొత్తం వెయ్యి అన్నారు. వేశాను."

"ఎవరన్నారు?"

ఆవిడ చీపురు చూపించింది. నేరుగా ఇన్స్‌పెక్టరు కేసి. "తమరే కదయ్యా."

గట్టు మీద ముందుగా టైర్లాయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు గట్టు పొడుగునా పాకింది. ఇన్స్‌పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత ఆయన కూడా ఆపుకోలేక, షెడ్డు స్తంభం పట్టుకుని కడుపుబ్బా నవ్వాడు.

"మా బండికి స్వాగతం చెప్పబోయి మా బండినే పట్టించారన్నమాట!" అంది వియ్యపురాలు.

"అమ్మా, ఇంక చంపకండి. వెళ్ళండి, ముందు వెళ్ళండి." స్వయంగా వెళ్ళి గేటు ఎత్తాడాయన. "పెద్దాయనా, ఒక్క మాట. రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాస్తాను, నా బస్తాతో సహా. అనుమానం వచ్చినప్పుడు మీరెలా నిలబడ్డారో కూడా. ఇంక ఈ గేటు మూసే ప్రశ్నే లేదు."

లారీ గేటు దాటుతుంటే గట్టు దిగిన డ్రైవర్లందరూ ఎవరి క్యాబిన్లో వాళ్ళు కూర్చుని హారన్లు కొట్టారు. అన్నీ ఒకేసారి. వియ్యపురాలు జవాబుగా తన హారను మీద మోచెయ్యి ఆనించి, మలుపు తిరిగేదాకా తియ్యలేదు.

"చెల్లెమ్మగారూ, చెవులు!"

"ఉండనివ్వండి అన్నయ్యగారూ. మళ్ళీ మళ్ళీ వస్తుందా ఇలాంటిది?"

పొద్దు వాలకముందే ప్లాంటు చేరారు. అల్లుడు గేటు దగ్గరే కాసుక్కూచున్నాడు, గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి. పాత సిలిండరు అడుగంటింది. వచ్చినవాటిలో ఒకదాన్ని క్రేనుతో దించి, గొట్టం బిగించి, మేష్టారి అమ్మోనియా గుడ్డతో జాయింటు సరిచూసుకుని, వాల్వు తెరిచారు. గాజు గొట్టంలో కొలత చూపే చిన్న బంతి కదిలి, మెల్లగా పైకి లేచి, నిలబడింది. అల్లుడు గోడకి ఆనుకుని నేలమీద కూలబడ్డాడు. వాళ్ళమ్మ వచ్చి తల నిమిరింది. "లే నాన్నా. ముందు గడ్డం గీసుకో, పాప జడుసుకుంటుంది."

మిగతా సిలిండర్లూ దించి, పాత ఖాళీవాటిని లారీకెక్కించారు; ఖాళీవాటిని కూడా నిండువాటిలాగే చూడాలి. వాటిని బిగించాక లారీని ప్లాంటు ఆవరణలో, కాపలా మనిషి ముందే వదిలి, ముగ్గురూ ఇంటికి నడక మొదలుపెట్టారు.

దారి పొడుగునా కుళాయిలు పోస్తున్నాయి. ఒక ఇంట్లో బిందె నిండి పొర్లిపోతుంటే ఎవరో ఎవరినో తిడుతున్నారు. ఇంకో ఇంట్లో ఎవరో గొంతెత్తి పాడుతూ స్నానం చేస్తున్నారు. నీళ్ళు ఆగబోయాయన్న సంగతి ఈ వీధిలో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే మేష్టారికి గొప్ప బహుమతిలా అనిపించింది. ఆయన ఆ చప్పుళ్ళన్నీ వింటూ, ఛాతీ కాస్త ముందుకు పెట్టి నడుస్తున్నారు.

వియ్యపురాలికి మాత్రం మనసు ఊరుకోలేదు. వీధి మధ్యలో ఆగి, రెండు చేతులూ నోటికి ఇరువైపులా పెట్టి కేకేసింది. "అమ్మల్లారా, అయ్యల్లారా! ఆ నీళ్ళు మేం తెచ్చినవే!"

కిటికీలు తెరుచుకున్నాయి. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అల్లుడు సిగ్గుతో అమ్మ చెయ్యి పట్టి లాగబోయాడు.

"ఉండు బాబూ," అన్నారు మేష్టారు. తనూ చేతులు నోటికి ఇరువైపులా పెట్టుకుని, చివరి బెంచీ దాకా వినిపించే గొంతుతో అన్నారు. "అవునండీ, మేమే!"