ఒక గడి పైకి జరిగిన వీధి

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఈ ఉద్యోగం పోతుందేమోనని. పిల్లని బల్ల కింద పడుకోబెట్టుకొని పని చేసుకోనిచ్చే చోటు ఇంకొకటి దొరకదు. అడగాల్సిన చోటల్లా అడిగాను. అందరూ పిల్లని చూసి బుగ్గ గిల్లారు, నన్ను చూసి తల అడ్డంగా ఊపారు.

ఇది మంచినీళ్ల క్యాన్లు ఇంటింటికీ వేసే దుకాణం. ముందు గదిలో క్యాన్లు, వెనక గదిలో ఓనరుగారు, మధ్యలో నేనూ కంప్యూటరూ. ఫోనుకి వచ్చిన ఆర్డర్లన్నీ పొద్దున్నే ఎక్సెల్ ఫైల్లోకి ఎక్కించి, ప్రింటు తీసి ఆటోలో క్యాన్లు వేసే ఆయన చేతికివ్వాలి. పేరు ఒక గడిలో, ఇల్లు ఒక గడిలో, ఎన్ని క్యాన్లో ఒక గడిలో, చివరి గడిలో ఆ ఇంటివాళ్ల షరతు. షరతు లేని ఇల్లంటూ మా వీధుల్లో లేదు. ఒకరికి క్యాను స్టూలు మీదే పెట్టాలి. ఒకరికి వాళ్ల ఎదురుగానే మూత తుడవాలి. ఇంకొకరికి అత్తగారు స్నానానికి వెళ్లినప్పుడే తెచ్చివ్వాలి.

మా పిల్లకి పాకడం వచ్చింది. అందరూ దాన్ని పిడుగు అంటారు. క్యాన్ల సీళ్లు నేల మీద ఎక్కడ పడినా ముందు దాని నోట్లోకే వెళ్తాయి. రెండు పేర్లు కొట్టడం, వంగి దాని నోట్లో వేలు పెట్టి చూడటం, మళ్లీ రెండు పేర్లు కొట్టడం. ఇలాగైతే లిస్టు ఎప్పటికి తేలుతుంది?

మా మరిదికి ఫోన్లో ఈ గోడు చెప్పుకుంటే నవ్వాడు.

"ఇంకా చేత్తోనే కొడుతున్నావా వదినా? ఇలా చెయ్యి అని కంప్యూటరుకి చిన్న స్క్రిప్టు రాసిపెడితే అదే రాసుకుంటుంది."

"తొమ్మిదో తరగతిలో ఆపేసినదాన్ని, నాకేం వస్తుంది బాబూ?"

"అది నీ మార్కులు అడగదులే. మీ కస్టమర్ల మెసేజీలన్నీ ఒకే తీరులో ఉంటాయి కదా. వాటిల్లోంచి పేర్లన్నీ ఏరి ఒక లిస్టు చేస్తుంది, ఇళ్లన్నీ ఒక లిస్టు, షరతులన్నీ ఒక లిస్టు. ఒక్కో లిస్టునీ ఒక్కో నిలువు వరసలో పైనుంచి కిందికి దించేస్తుంది. అంతే."

అంతే అన్నది నేర్చుకోవడానికి అతని ఓపికా నా ఫోన్ చార్జింగూ చాలాసార్లు అయిపోయాయి. కానీ వచ్చింది. మొదటిసారి దాన్ని నడిపినప్పుడు పిడుగు ఆవలించింది. ఆ ఆవలింత పూర్తయ్యేలోపు లిస్టు పూర్తయింది.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. పనంతా ఒక ఆవలింతేనని తెలిస్తే ఓనరుగారికి మనిషెందుకు? అందుకని మిగతా పూటంతా టైపు కొడుతున్నట్టే కూర్చునేదాన్ని. ఖాళీ పేజీ తెరిచి పిడుగుని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే అదే కొట్టేది, రెండు అరచేతులతో. ఆ టకటకలు విని వెనక గదిలోంచి ఓనరుగారు ఎవరితోనో అనేవారు, "ఈ అమ్మాయి చేతికి అలుపు లేదయ్యా."

ఇవాళ కొత్తగా ఒకాయన చేరాడు. పేరు రాశాడు, ఇల్లు రాశాడు, ఒక క్యాను అన్నాడు. షరతు అంటూ ఏమీ రాయలేదు. ఎంత మంచి మనిషో అనుకున్నాను. ఏమీ లేనిచోట ఖాళీ గడి వదిలి ముందుకెళ్లాలని నా స్క్రిప్టుకి నేను చెప్పలేదు. దాంతో ఆయన కింద ఉన్నవాళ్ల షరతులన్నీ తలా ఒక గడి పైకి జరిగాయి. నేను చూసుకోలేదు. అప్పుడు నా వేలు పిడుగు నోట్లో ఉంది.

ఆటో బాబాయి ఈ మధ్యే చేరాడు. ఓనరుగారు ఆయనకి చెప్పింది ఒకటే: కాగితంలో ఏముంటే అది చెయ్యి, నీ తెలివి వాడకు. ఆయన మధ్యాహ్నం వచ్చేసరికి ప్యాంటు ఒక కాలు చిరిగి వేలాడుతోంది.

"అమ్మాయ్, ఈ వీధివాళ్లకి ఏమన్నా అయిందా?"

"ఏమైంది బాబాయ్?"

"కొత్తాయన ఇంటి దగ్గర ఏం రాశావు? టామీని పేరు పెట్టి పిలిచి, తల నిమిరి, ఆ తర్వాతే లోపలికి రండి అని. తలుపు తీసింది బట్టతలాయన."

"నిమిరావా?"

"రాశావు కదా. పాపం ఊరుకున్నాడు. నా పేరు టామీ కాదండీ అని మాత్రం అన్నాడు."

టామీ ఉండేది ఆ పక్కన పళ్ల డాక్టరుగారింట్లో. అక్కడికొచ్చేసరికి 'పసిబిడ్డ నిద్రపోతుంటుంది, చెప్పులు విప్పి పిల్లిలా రండి' అని ఉంది.

"పిల్లిలానే వెళ్లాను," అన్నాడు బాబాయి. "కుక్క ఉన్న ఇంటికి పిల్లిలా వెళ్తే ఏమవుతుందో ఈ ప్యాంటుని అడుగు."

పసిబిడ్డ ఇంటి దగ్గర 'పెద్దాయనకి వినపడదు, తలుపు బాది కేకలు వెయ్యండి' అని ఉంది. ఆ బిడ్డ తల్లి తనని ఏమందో పిడుగు వినేలా చెప్పనన్నాడు. ఎంత జోకొడితే పడుకుని ఉంటుందో ఆ బిడ్డ.

వినపడని పెద్దాయన దగ్గర 'కాలికి కట్టుంది, మెల్లగా వస్తారు, ఓపిగ్గా ఆగండి' అని ఉంది. "ఒక్కసారి కొట్టి ఆగాను," అన్నాడు బాబాయి. "కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు, పేపరు చదువుకుంటూ. పేపరు మొత్తం చదివాడు."

ఓనరుగారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో, చెయ్యి చాపి కాగితం తీసుకున్నారు. వేలితో పైనుంచి కిందికి చదివారు.

"ఇది చేత్తో కొట్టిన తప్పు కాదమ్మా. చెయ్యి ఇక్కడొకటి, అక్కడొకటి తప్పుతుంది. ఇక్కడ అందరూ బుద్ధిగా ఒకే మెట్టు ఎక్కారు. ఏం చేశావు?"

చెప్పేశాను. చెబుతుండగానే నా వెనక టకటకా చప్పుడు. పిడుగు కుర్చీ పట్టుకొని నిలబడి మీటలు బాదుతోంది. ఓనరుగారు కాసేపు విన్నారు.

"అలుపు లేని చెయ్యి ఇదా?"

బాబాయి గోడవైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

"దుకాణం మూసేలోపు ఈ ఇళ్లన్నిటికీ ఫోన్ చెయ్యి," అన్నారు ఓనరుగారు. "ప్రతివాళ్లూ పర్లేదు అనాలి. ఒక్కరు అనకపోయినా రేపట్నుంచి రాకు." తాళాలు నా ముందు పెట్టి, పసిబిడ్డ ఇంటికి స్వయంగా బయల్దేరారు. బాబాయి ఫ్యాక్టరీ లోడు వేసుకొని ఊరి అవతలికి వెళ్లాడు.

బట్టతలాయన పర్లేదన్నాడు. "నా తల ఎవరైనా నిమిరి చాలా కాలమైందమ్మా," అన్నాడు. డాక్టరుగారు టామీ మంచి హుషారు మీద ఉందనీ, రేపు కూడా ఆయన్నే పంపమనీ అన్నారు. బిడ్డ తల్లి తిట్టినంతసేపూ విన్నాను. తర్వాత మీ పాపకి పళ్లొస్తున్నాయా అని అడిగితే, వాళ్ల పాప పళ్ల బాధ, మా పిడుగు పళ్ల బాధ చెప్పుకుంటూ పర్లేదు దగ్గరికి వచ్చాం. పెద్దాయన కోడలు ఫోన్ ఎత్తి, ఆయనకి ఎవరో వచ్చినట్టే తెలియదు, పర్లేదులే అంది.

వరసలో చివరి గడి మాత్రం ఖాళీగా ఉంది. అందరూ పైకి జరిగితే అడుగున మిగిలేది ఖాళీయే కదా. అది కుట్టు టీచరుగారిల్లు. కాలికి కట్టున్నది ఆమెకి. పై వాటాలో ఒక్కతే ఉంటారు. బాబాయికి ఫోన్ చేశాను.

"అక్కడ ఏమీ రాయలేదుగా అమ్మాయ్. తలుపు కొట్టాను, తియ్యలేదు, వచ్చేశాను. క్యాను నీ వెనకే ఉంది చూడు."

ఉంది. సీలు కూడా తియ్యని క్యాను.

టీచరుగారికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు. పర్లేదనకపోయినా పర్లేదు, ఏదో ఒకటి అంటే చాలు. తలుపు చప్పుడు విని గబగబా లేవబోయి పడ్డారేమో. పిడుగు నా భుజం మీద నిద్రపోయింది. దుకాణం వదలడానికి లేదు, ఓనరుగారు ఇంకా రాలేదు.

మీరు ఆ వైపు ఉంటే ఒక్కసారి వెళ్లి చూడండి. టైలరు కొట్ల సందు చివర, పచ్చ గేటు, పై వాటా. ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లండి. తలుపు కొట్టాక వెంటనే వచ్చెయ్యకండి, ఆమె మెల్లగా వస్తారు.