ఇరవై ఒకటో పేరు

పుంగనూరులో పదో తరగతి తప్పిన పిల్లలకు మోటార్లకు తీగ చుట్టడం, వైరింగు నేర్పే కమ్యూనిటీ కాలేజీ ఒకటి ఉండేది. గంగులప్ప దాంట్లో మొదటి బ్యాచి. తొంభై ఆరులో పాసై బజారులో సొంతంగా మోటార్ల షాపు పెట్టుకున్నా, పొద్దున షట్టరు ఎత్తేముందు పోయి ఆ క్లాసులో వెనక బెంచీ చివర కూర్చోని రోజు లేదు.

హాజరు వినడానికే. ఆ కాలేజీలో రానివాళ్ళ పేరు పిలిస్తే, వాళ్ళు కూర్చునే చోటు నుంచి వాళ్ళున్న చోటి చప్పుడు వినబడేది. టమోటా మండీలో ఉంటే వేలం కేకలు, గొర్రెల వెంట పోయుంటే మెడగంటలు. గంగులప్ప చెవి పెట్టి వినేవాడు, మోపెడ్డు ఎక్కేవాడు, మధ్యాహ్నంలోగా ఆ బిడ్డను వెనక ఎక్కించుకొచ్చేవాడు. పదేళ్ళుగా ఇదే.

మునిలక్ష్మిని అట్లాగే తెచ్చాడు. ఆమె చోట పిండిమిషను మోగింది. మూడు దెబ్బలు కొట్టి నాలుగోది మింగే మిషను, పెద్దపంజాణి దగ్గర ఒకటే ఉంది.

"పిండి దులుపుకోని ఎక్కమ్మా."

"మా నాయన తిడతాడన్నా."

"తిట్టనీ. ఇద్దురం కలిసి తిట్టించుకుందాం."

ఇంట్లో భార్య రెడ్డెమ్మ మాత్రం, "నన్ను యాల చేసుకుంటివి? ఆ బెంచీకే తాళి గట్టుంటే సరిపోతాండె" అనేది.

రెండువేల ఆరులో శివకుమార్ సారు కొత్త ప్రిన్సిపాలుగా వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, కాగితం మనిషి.

"పట్టీలో ఇరవై మందే ఉండారు. నువ్వెవరప్పా?"

"పాత స్టూడెంటును సార్."

"పాసైనోనికి క్లాసులో ఏం పని? రిజిస్టర్లో పేరు లేనోడు లోపల కూసోకూడదు. రేపట్నుంచి రావాకు."

ఆ పొద్దు మోపెడ్డు స్టాండు తీయడానికి గంగులప్పకు చాలాసేపు పట్టింది. నెల తిరక్కముందే బెంచీల నిండా మండీ కేకలు, గొర్రెల గంటలు. పోయి తెచ్చే మనిషి లేడు.

ఒక గురువారం హాజరు అవుతుండగా రెడ్డెమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నిన్న సాయంత్రం యాడో బావిలో మోటారు ఎత్తాలని పోయినాడు సార్. ఇంగా రాలేదు. సెల్లు పలకడంలే. ఈడ కాకుంటే యాడుంటాడు?"

"ఈడికి రాలేదమ్మా."

మునిలక్ష్మి లేచింది. "ఆయన పేరు పిలవండి సార్. బెంచీ చెప్తాది."

సారు పిలిచాడు. రెండుసార్లు. బెంచీ పలకలేదు.

"రిజిస్టర్లో ఉండే పేర్లకే పలుకుతాది సార్. రాయండి."

సారు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. పదేళ్ళ కిందట పాసైన మనిషిని ఈ ఏటి పట్టీలో చేర్చినందుకు పైవాళ్ళకు ఏం చెప్పుకోవాలి? రెడ్డెమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. పోయి ఆ బెంచీ చివర, మొగుడు కూర్చుని కూర్చుని నునుపెక్కిన చోట చెయ్యి పెట్టింది.

సారు ఇరవై కింద ఇరవై ఒకటి వేసి, పేరు రాసి, పిలిచాడు.

"గంగులప్ప."

బెంచీలో నీటిచుక్క పడింది. ఇనుప పైపు మీద స్పానరుతో ఎవరో నీరసంగా కొడుతున్నారు. ఎక్కడో చాలా పైన పిండిమిషను. మూడు దెబ్బలు, నాలుగోది లేదు.

"మా ఊరి బావి సార్!" మునిలక్ష్మి అప్పటికే వాకిట్లో ఉంది. సారు బండి తాళం తీశాడు.

తాడు తెగి పడ్డాడట. నులకమంచానికి మోకులు కట్టి పైకి లాగారు, మదనపల్లె ఆసుపత్రికి చేర్చారు. ప్రాణం నిలిచింది. ఎడమకాలు మాత్రం ఇక మడవదన్నారు.

మరుసటి పొద్దు సారు ఇరవయ్యో పేరు దాటి ఆగాడు. "గంగులప్ప" అన్నాడు.

బెంచీ చివర నుంచి రెడ్డెమ్మ కసురుతున్న గొంతు: "గడియారం సూసింది సాలు, పండుకో. టైమెంతయితే నీకేమి?"

"మే, హాజరు టైము." దగ్గుతూ, "వచ్చినాను సార్" అన్నాడు గంగులప్ప.

అంత దూరాన మంచం మీదున్న మనిషికి, తప్పని తెలిసే, శివకుమార్ సారు హాజరు వేశాడు.