అల్లుడు బోగీ

ఏడేళ్ళుగా మా మామగారు నన్ను "అల్లుడుగారూ, మీరు" అనే పిలుస్తున్నారు. సొంత కూతురు మాత్రం ఆయనకి గాడిద. మా ఆవిడకి ఇదంటే ఒళ్ళు మంట. "అంత మర్యాద చెయ్యడానికి నువ్వేం పొడిచావని?" అంటుంది. నేను పొడిచిందేమిటో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

మామగారు ముప్పై ఏళ్ళు లేత్ మీద పనిచేసి రిటైరయ్యారు. పెరట్లో ఆయనకో చిన్న రైలు ఉంది. బొమ్మరైలు అంటే మాత్రం ఊరుకోరు. ఒక్కో బోగీ మూరెడు పొడవు, ఎత్తితే పసిపిల్లంత బరువు. అలాంటివి నలభై. గులాబీ మొక్కల చుట్టూ తిరిగి, నీళ్ళతొట్టి పక్కనున్న చిన్న మెట్ట ఎక్కి దిగుతాయి.

ఈ రైలుకి ఒక గార్డు కూడా ఉండేవాడు. నిజానికి ఆయన మందుల షాపు నడిపేవాడు. కదిలే రైలు వెనక పచ్చజెండా పట్టుకుని నడుస్తాడని మామగారు పెట్టిన పేరది. ఆయనకీ సొంతంగా ఒక ఇంజను, పన్నెండు బోగీలు ఉన్నాయి. ఆదివారమొస్తే వాటిని కారులో వేసుకుని వచ్చేవాడు. ఇద్దరి బోగీలూ కలిపి నడిపేవాళ్ళు.

ఆరేళ్ళ క్రితం మామగారు తన బోగీలన్నిటికీ ఒకదానికొకటి తగిలించే పాత కొక్కేలు పీకేసి కొత్త కప్లింగులు వేశారు. గార్డూ తనవాటికి అవే వేసుకున్నాడు. చూడ్డానికి సగం ముడిచిన పిడికిలిలా ఉంటుంది కప్లింగు. రెండు పిడికిళ్ళూ ఒకే ఎత్తులో ఉంటేనే పట్టు. ఆ ఎత్తు చూడ్డానికి ఆయన లేత్ మీద స్వయంగా చేసుకున్న ఒక ఇత్తడి కొలబద్ద ఉంది. దాన్ని పట్టా మీద నిలబెట్టి, బోగీని దాని దగ్గరికి తోస్తారు. కప్లింగు ఎత్తుగా ఉంటే దాని పైన, బోగీ అడుగుకి ఆనే చోట, వాషర్లు వేసి కిందికి దించుతారు. ప్రతి బోగీకీ రెండు చివర్లా రెండేసి వాషర్లు పట్టాయి. "ఎవడో గానీ అన్నీ రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా చేసి చచ్చాడు," అని ఆ కంపెనీవాణ్ణి ఇప్పటికీ తిడుతుంటారు. పాపం, వాడికేం తెలుసు.

కొత్త కప్లింగులతో ఇద్దరి బోగీలూ కలిపిన మొదటి ఆదివారమే గొడవైంది. చదునుగా ఉన్నచోట బాగానే నడిచాయి. మెట్ట ఎక్కేచోట గార్డు బోగీ పిడికిలి మామగారి బోగీ పిడికిలిలోంచి పైకి జారిపోయింది. వెనకున్నవన్నీ దొర్లుకుంటూ పోయి తొట్టికి కొట్టుకున్నాయి.

"నీ కప్లింగులు ఎత్తురా!"

"నీవే పల్లం!"

"లేత్ మీద బతికినవాడికి కొలతలు నేర్పుతావుట్రా?"

గార్డు తన బోగీలు సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఆదివారం వస్తే మామగారు గేటువైపు చూడడం, చూడనట్టు తల తిప్పుకోవడం. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, కాఫీ గ్లాసు పట్టుకుని, నోరు కుట్టేసినట్టు.

మొన్న గార్డు మా ఆవిడకి ఫోన్ చేశాడు. "ఆరేళ్ళైంది, చాలు. ఆదివారం వస్తానని మీ నాన్నకి చెప్పమ్మా. ఈసారి కూడా ఊడిందనుకో, నాకూ వాడికీ ఇక ఆ రైలు వద్దు."

శనివారం మధ్యాహ్నం మామగారు బోగీలన్నీ మళ్ళీ సరిచూస్తున్నారు. నేను ఒక్కొక్కటే అందిస్తున్నాను.

"చూడండి అల్లుడుగారూ, వెంట్రుకవాసి తేడా లేదు. రేపు వాడి బోగీల్ని ఈ కొలబద్ద ముందే నిలబెడతాను. వాడి తప్పు వాడి కళ్ళకే కనపడాలి."

నా చేతిలో ముప్పై ఏడో బోగీ ఉంది. దాన్ని కింద పెట్టేశాను.

"మావయ్యగారూ, తప్పు గార్డుగారిది కాదు. ఆ కొలబద్దది. నాది."

చెప్పేశాను. నేను కొత్త అల్లుణ్ణి అప్పట్లో. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, ఈ కొలబద్దేమిటో చూద్దామని తీసి గచ్చు మీద పడేశాను. దాని అడుగునున్న పాదం వంగింది. నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసేవాణ్ణి. గుట్టుచప్పుడు కాకుండా జేబులో వేసుకెళ్ళి, ఆ పాదాన్ని నున్నగా అరగదీసి, మర్నాడు దాని చోట్లో పెట్టేశాను. రెండు మిల్లీమీటర్లు పోయింది. కళ్ళద్దం రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగితే తలనొప్పి వస్తుందని రోజూ కస్టమర్లకి చెప్పే మనిషిని నేనే.

మామగారు స్కేలు తెచ్చి కొలిచారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచారు.

"బుద్ధుందా నీకు?"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"ఆరేళ్ళు! నోట్లో ఏం పెట్టుకున్నావ్? వాణ్ణి నానా మాటలూ అంటుంటే పక్కన నిలబడి కాఫీ తాగావు కదయ్యా!"

"భయమేసింది. మీరు నన్ను అంత మర్యాదగా చూస్తుంటే..."

"మర్యాదా నీ మొహమా!"

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నోరు వెళ్ళబెట్టి చూస్తోంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. స్క్రూడ్రైవర్ అందుకుని, "ఇప్పుడే వాషర్లన్నీ తీసేస్తాను," అన్నాను.

"ఎనభై కప్లింగులు రేపటికి తీస్తావా? కంగారుపడి బిగిస్తే అన్నీ ఊడతాయి. ఇలా ఇవ్వు."

ఆయన ఆ ముప్పై ఏడో బోగీనే తిరగేశారు. ఒక చివర ముట్టుకోలేదు. రెండో చివర మాత్రం స్క్రూలు విప్పి, రెండు వాషర్లూ తీసి నా అరచేతిలో పెట్టి, మళ్ళీ బిగించారు. చాలాసేపు పట్టింది. ఆయన చేతుల్లో కోపం ఉంది, తొందర లేదు.

"ఇది మధ్యలో ఉండాలి. ఈ మొహం నా బోగీలకి, ఆ మొహం వాడి బోగీలకి. మిగతావన్నీ వారం వారం వచ్చి నువ్వే విప్పుతావు."

"మరి దీనికి పేరు పెట్టవా నాన్నా?" అంది మా ఆవిడ.

"అల్లుడు బోగీ," అన్నారు ఆయన. "ఇటు మావకి తలూపుతుంది, అటు పెళ్ళానికి తలూపుతుంది."

ఆదివారం గార్డు వచ్చాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. గార్డు ఇంజనూ, అతని బోగీలూ ముందు. తరవాత ఆ ఒక్క బోగీ. దాని వెనక మామగారివి. రైలు మెట్ట దగ్గరికి వచ్చింది. పిడికిళ్ళు బిగుసుకున్న చప్పుడు ఒకదాని వెనక ఒకటి టకటకా వినిపించింది. ఎక్కింది. దిగింది. ఏదీ ఊడలేదు.

గార్డు రైలు ఆపి, వంగి, మధ్య బోగీని అటూ ఇటూ చూశాడు.

"ఏంట్రా ఇది?"

"నా కొలబద్ద పొట్టిదిరా," అన్నారు మామగారు, నేల చూస్తూ. "నువ్వన్నదే నిజం. నావే పల్లం."

గార్డు బల్ల మీదున్న కొలబద్ద తీసి దాని పాదం మీద బొటనవేలు పెట్టి రాశాడు.

"ఇది నీ లేత్ పని కాదే. ఎవడ్రా అరగదీసింది?"

నేను ముందుకి అడుగు వేశాను. ఈ లోపే మామగారు అందుకున్నారు.

"మావాడే. వెధవ." తరవాత నావైపు తిరిగి, "అలా చూస్తావేం? గార్డుకి కుర్చీ తీసుకురా," అన్నారు.

కుర్చీ కోసం లోపలికి వెళ్ళాను. వెంటనే బయటికి రాలేకపోయాను.