కుడి మూల చుక్క

మా హెచ్‌ఓడీగారు ఆ రోజు ఆఖరి బెంచీలో కూర్చున్నారు. వచ్చే ఏడాది నన్ను ఉంచాలో, సాగనంపాలో ఆ ఒక్క పాఠం విని తేలుస్తారట. తొమ్మిదేళ్లుగా ఈ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని నేను. గంటకింత అని ఇస్తారు. సెలవులొస్తే అదీ లేదు.

పాఠం పేరు "చదువు, ఆదాయం". నాకు ఈ పాఠమే అప్పగించిన వాళ్ల తెలివికి దణ్ణం పెట్టాలి. పిల్లలు తమ ఇళ్లలోని పెద్దలు ఎన్నేళ్లు చదివారో, నెలకు ఎంత తెస్తారో రాసుకొచ్చి, పేర్లు లేకుండా బోర్డు మీది గ్రాఫులో చుక్కలు పెడుతున్నారు. చదువు పెరిగేకొద్దీ చుక్కలు బుద్ధిగా పైకెక్కాయి. హెచ్‌ఓడీగారి తల వాటితోపాటు ఊగింది. ఆయన మామగారు కాలేజీ కమిటీలో పెద్ద. ఆ సంగతికి గ్రాఫులో గడి లేదు.

ఇంతలో మా అక్క కూతురు లేచింది. మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. ఇంట్లో నేను పిన్నిని, కాలేజీలో మేడమ్‌ని. వెళ్లి కుడివైపు అడుగున, మూలగా ఒక చుక్క పెట్టింది. ఇరవై రెండేళ్ల చదువు. సంపాదన మాత్రం ఐదో తరగతితో ఆపేసిన క్యాంటీన్ వంటమనిషి కన్నా తక్కువ.

"అదేంటమ్మా, తప్పు పెట్టావు," అన్నారు హెచ్‌ఓడీగారు.

"తప్పు కాదు సార్. మా ఇంట్లో మనిషే."

"అంత చదివి అంతేనా? అయితే ఒళ్లు వంగని మనిషన్నా అయ్యుండాలి, చదివింది బుర్రకెక్కకపోయన్నా ఉండాలి. మేడమ్, చెరిపేయండి. లైను పాడవుతోంది."

క్లాసంతా నవ్వింది. పిల్ల నవ్వలేదు. నేనేం అంటానా అని నా వంకే చూస్తోంది. నేను డస్టర్ అందుకున్నాను. "ఇలాంటివాటిని మినహాయింపులంటారు," అంటూ శుభ్రంగా తుడిచేశాను. సిగ్గేసింది. అయినా చెయ్యి ఆగలేదు.

వారం తర్వాత రికార్డులు దిద్దుతుంటే, పిల్ల గ్రాఫులో ఆ చుక్క అక్కడే ఉంది. దానికి బాణం గుర్తు పెట్టి, కింద ఇలా రాసింది: "చెరిపేయమన్నది సారు. చెరిపింది ఈవిడే."

పదికి పది వేశాను. ఆ పేజీ తెరిచి హెచ్‌ఓడీగారి ముందు పెట్టాను. పక్కనే వచ్చే ఏడాదికి నన్ను ఉంచుకునే ఆర్డరు కాయితం, ఇంకా సంతకం పడనిది. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే, అలవాటు ప్రకారం చదవకుండా, రికార్డు మీద సంతకం గీకేశారు. చదవడం ఆయనకెప్పుడూ అవసరం పడలేదు. పెన్ను ఆర్డరు మీదికి జరిగింది.

"ఒక్క నిమిషం సార్," అన్నాను. "ముందు ఆ గ్రాఫు చూడండి. ఆ మూల చుక్క నాది."