చూడని రోజు

సన్యాసయ్య కాగితాన్ని మెల్లగా అటూ ఇటూ కదిపాడు. టెలిస్కోపులోంచి దాని మీద అరచేతి వెడల్పున తెల్లగా పడిన సూర్యబింబంలో ఒక నల్ల చుక్క కాగితంతో పాటే కదిలింది. అది కాగితం మీది నలుసు. గోటితో గీకి పారేశాడు. తర్వాత బింబం దానంతటది పక్కకు జరిగేదాకా ఆగి చూశాడు. బింబంతో పాటు జరిగినవి సూర్యుడి మచ్చలు. జరగకుండా ఉండిపోయిన ఒక్కటీ అద్దం మీది జీడిమసి. కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ ఏ ఇంటి డాబానీ వదలదు. పాత పంచె ముక్కతో అద్దం తుడిచి, టెలిస్కోపును మళ్లీ సూర్యుడికి ఎదురుగా తిప్పి, పెన్సిలు అందుకున్నాడు.

ఎడమచేతిని ఒడిలోనే ఉంచుకున్నాడు. డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన ఆ చేతి నరం మణికట్టు నుంచి మోచేతి దాకా తాడులా ఉబ్బి ఉంది. ఒంటి రంగు బూడిద పూసినట్టు మారింది. కాళ్లు పొంగి, పాదాల మీద చెప్పుల పట్టీల ముద్రలు పడ్డాయి. డాబా మెట్లు ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడు. అరవై మూడేళ్లకే ముసలివాడైపోయాడు పాపం. అయినా పెన్సిలు పట్టిన కుడిచేయి వణకలేదు. గుంపులు అయిదు, మచ్చలు ముప్పై ఒకటి. నోటుబుక్కులో తేదీ, సమయం, అంకెలు వేసి, చివరి గడిలో ‘పలచని పొగ’ అని రాశాడు.

టెక్కలిలో ఒక కాలేజీలో ఫిజిక్సు ల్యాబు అటెండరుగా ముప్పై ఏళ్లు పనిచేశాడతను. పొద్దున్నే రైల్లో వెళ్లడం, బల్లలు తుడవడం, కటకాలు బీరువాలోంచి తీయడం, సాయంత్రం మళ్లీ బీరువాలో పెట్టి తాళం వెయ్యడం. 2009లో కాలేజీకి ఈ చిన్న టెలిస్కోపు వచ్చింది. నరహరి అనే లెక్చరరు సూర్యుణ్ణి కంటితో చూడకుండా కాగితం మీద పట్టడం నేర్పాడు. మచ్చలు పెరిగి, తరిగి, మళ్లీ మొదటికి రావడానికి పదకొండేళ్లు పడుతుందనీ, పుష్కరం కంటే ఒక ఏడాది ముందేననీ చెప్పాడు. ఆయనకి బదిలీ అయింది. పిల్లలకి మోజు తీరింది. సన్యాసయ్యకి తీరలేదు. కొన్నాళ్లకి కాలేజీవాళ్లు పనికిరాదని పక్కన పడేస్తే, ప్రిన్సిపాలుని అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. కోటి విద్యలూ కూటికొరకే అంటారు. ఈ విద్య అతనికి ఒక్క పూట కూడు పెట్టిన పాపాన పోలేదు. పదహారేళ్లయినా అతను మానలేదు.

భార్య రత్నాలమ్మ ఉన్నన్నాళ్లూ పెరట్లోంచి రోజూ కేకేసేది.

“ఏటి, ఇయాల ఎన్నున్నాయి?”

అతను పైనుంచి అంకె చెప్పేవాడు. మచ్చలు అడుగంటిన ఏళ్లలో వారాల తరబడి జవాబు ఒక్కటే. “సున్నా రాయడానికి అంత ఎండలో కూకోవాలేటి?” అని ఆవిడ వెక్కిరించేది.

“కూకోకపోతే గీత రాయాలే” అనేవాడు.

అతనికి తెలిసిన శాస్త్రమంతా అంతే. సున్నా అంటే చూశాను, లేవు అని. గీత అంటే చూడలేదని. మబ్బు పట్టిన రోజు గీత, జ్వరంతో మంచమెక్కిన రోజు గీత. తిత్లీ తుఫానప్పుడు వరసగా నాలుగు గీతలు.

ఇవాళ ఆ పుస్తకాలన్నీ ఇల్లు దాటబోతున్నాయి. అదే కాలేజీలో ఇప్పుడు ఫిజిక్సు చెప్పే శ్రావణి వాటిని ఫొటోలు తీసి, ఇలాంటి పాత లెక్కలు పోగుచేసే శాస్త్రజ్ఞులకు పంపుతానంది. ఆ మాట విన్న రోజు సన్యాసయ్య సంతోషంతో అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి భయంతో ముట్టలేదు. పదహారేళ్ల లెక్కలో ఒక్క సున్నా అబద్ధం. చెప్తే మొత్తం పుస్తకాలన్నీ అనుమానం కిందికి వస్తాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వారం రోజులుగా ఇదే రంపపు కోత.

ఎనిమిది గంటలకు శ్రావణి వచ్చింది. కూతురు భార్గవి పుస్తకాలను అట్టపెట్టెలో సర్దింది. సన్యాసయ్య గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చి, పెట్టెలోంచి ఒక పుస్తకం పైకి తీశాడు.

“మేడంగారూ, ఇందులో ఒక తప్పుంది.”

2019 నవంబరు ఇరవై ఎనిమిది. పేజీ నిండా సున్నాలే. వాటి మధ్య ఆ సున్నా మీద వేలు పెట్టాడు.

“ఈ రోజు నాను సూడలేదు. సూడకండా రాసీసేను.”

శ్రావణి ఫోనులో వెతికి చూసింది. “కంగారు పడకండి సన్యాసయ్యగారూ. ఆ నెలా పై నెలా కలిపి నలభై రోజులు ఎవరికీ ఒక్క మచ్చ కనపడలేదట. మీ సున్నా నిజమే.”

“సున్నా నిజమే మేడం. సూసేనన్నదే అబద్ధం.”

భార్గవికి ఆ తేదీ తెలుసు. చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

“ఆ రోజు ఈళ్లమ్మ పోయింది” అన్నాడు సన్యాసయ్య. “సందేల కాటికాడినుంచి వొచ్చి పుస్తకం తీసేను. పెరట్లోంచి అది అడిగినట్టే అనిపించింది మేడం. గీత పెడితే... ఇంక అడిగీ మనిషి లేదని నా సేత్తో నానే రాసినట్టుంటాదని, సున్నా ఏసీసేను. ఇప్పుడు ఈ పుస్తకాలు మరి పనికొత్తాయో లేదో మీరే సెప్పండి.”

 శ్రావణి తన పెన్ను తీసి అతని చేతిలో పెట్టింది. “మీరే దిద్దండి. మిగతా సున్నాలన్నీ ఇంక కళ్లు మూసుకుని నమ్ముతాను.”

అతను ఆ సున్నాను అడ్డంగా కొట్టేశాడు. పక్కన గీత పెట్టి, సంతకం చేసి, ఇవాళ్టి తేదీ వేశాడు. చివరి గడి అయిదున్నర ఏళ్లుగా ఖాళీగా ఉంది. అందులో ఏం రాయాలో తెలియనట్టు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి మాటలు కూడదీసుకుని రాశాడు: ‘ఎండ బాగా ఉంది. చూడలేదు.’

పుస్తకం మూస్తుంటే కళ్లనీళ్లు ఆగలేదు. అవి మామూలు ఏడుపులా లేవు. అయిదున్నర ఏళ్ల క్రితం కాటికాడ ఏడవాల్సినవి ఇప్పుడు దారి దొరికి వచ్చాయి. భార్గవి తండ్రి వీపు మీద చెయ్యి వేసింది. వీధిలో ఆటో హారను మోగింది.

“మావా, టయిమైపోతంది” అన్నాడు ఆటో మన్మథరావు. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్‌కి తీసుకెళ్లేది అతనే.

సన్యాసయ్య ముఖం కడుక్కుని ఆటో ఎక్కాడు. శ్రావణి అట్టపెట్టెను స్కూటరు ముందు పెట్టుకోవడం చూసి, “వాన తగలనీకండి మేడం” అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

డయాలసిస్ గదిలో అతనిది కిటికీ పక్క మంచం. సూదులు గుచ్చి మిషను తిప్పాక, భార్గవి తలగడ సర్ది పక్క స్టూలు మీద కూర్చుంది. వారం తర్వాత మొదటిసారి అతను హాయిగా నిద్రపోయాడు. మధ్యలో ఒకసారి లేచి గొంతు తడుపుకుని, “నువ్వు తిన్నావేటమ్మా?” అని అడిగాడు. తిన్నానని అబద్ధం చెప్పిందామె. మళ్లీ కళ్లు మూసుకున్నాడు. రెండో గంట దాటుతుండగా బీపీ పడిపోయింది. నర్సు పరుగెత్తుకొచ్చింది, డాక్టరు వచ్చాడు, చెయ్యాల్సిందంతా చేశారు. పక్క మంచం ఆయన నిద్రలేచి చూసేసరికి అంతా అయిపోయింది. చివరిదాకా చప్పుడు చెయ్యడం తెలియని మనిషి.

అతని వస్తువులు ఒక సంచిలో వేసి ఇచ్చారు. చొక్కా, కళ్లజోడు, తువ్వాలు. మంచం పక్కన బల్ల మీది నీళ్ల సీసాను మాత్రం భార్గవే తీసుకుంది. రోజుకి ఆ సీసాడు మించి తాగకూడదని డాక్టరు చెప్పినప్పటి నుంచి దాని మీద కాగితం ముక్క అంటించి, పెన్సిలుతో గంటలు గుర్తు పెట్టుకునేవాడు. పదకొండు గంటల గీత దాకా తాగాడు. ఆ కింద ఒంటిగంట, నాలుగు, ఏడు అని రాసుకున్న గీతల వెనక నీళ్లు తేటగా, కదలకుండా ఉన్నాయి.